మహమ్మారి దినములలో ముసలి పాదిరిగారు

మన అధ్యక్ష ఖండపు శతవార్షికోత్సవ సంచికకు పూర్వపు దైవసేవకుడొకని జీవితమును గూర్చి వ్రాయుమని సంపాదక సంఘమువారు కోరినప్పుడు, మా మనస్సునకు తట్టిన పేరు మన సంఘపువాని పేరు కాదు. ఆయన లూథరన్. అంతే కాదు. ఆయన తన డెబ్బదియారవ యేట సముద్రము దాటి మూడవ మారు తెలుగు దేశమునకు వచ్చినది, రాజమండ్రి మిషను మన పూర్వికుల చేతిలోనికి పోకుండ ఆపుటకే! ఇట్టివానిని మన పండుగ సంచికలో ఎట్లు చేర్చితిరని పెద్దలు కొందరు నవ్వవచ్చును. అయినను చేర్చుచున్నాము. మేము చదువుకొన్న ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజి 1964లో రాజమండ్రిలోనే ఆరంభమై తరువాత హైదరాబాదునకు తరలి వచ్చినది. అక్కడ లూథరన్లు, బాప్టిస్టులు, మెథడిస్టులు, మనవారు ఒకే బల్ల యొద్ద కూర్చుండి చదువుకొందురు, ఒకే బల్ల యొద్ద భోజనము చేయుదురు. సంఘ చరిత్ర తరగతిలో ఫాదర్ హయ్యర్ పేరు వినని విద్యార్థి లేడు. ఆయన తెలుగు క్రైస్తవులందరికి తాతగారి వంటివాడు. తాతగారు పెదనాన్న ఇంట నున్నంత మాత్రమున మనకు తాతగారు కాకపోవునా?

ఆయనను గూర్చి మరల ఆలోచింపజేసినది 2020వ సంవత్సరము. అప్పుడు మేము జూబిలీ హిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతపు విశ్వాసుల మధ్య కాపరి పని చేయుచుంటిమి. ఆ ప్రాంతము ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. కొండమీద పెద్ద మేడలు, స్టూడియోలు. కొండ దిగువ బస్తీలో ఒక్క గది ఇండ్లు. మేడలలో అనేకులు ముసలి తలిదండ్రులు. బిడ్డలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉందురు. బస్తీలో లైట్‌మెన్లు, జూనియర్ ఆర్టిస్టులు, కుట్టుపనివారు. ఏ రోజు షూటింగు ఉండునో ఆ రోజే కూలి. మార్చి నెలలో షూటింగులు నిలిచిపోయినవి. 25వ తేదీనుండి దేశమంతట లాక్‌డౌన్ వచ్చినది. సినిమా పెద్దలు కరోనా క్రైసిస్ ఛారిటీ అను పేరుతో దినకూలీలైన సినీ కార్మికుల ఇండ్లకు సరుకులు పంపిరి. దేవాలయపు తలుపులు మూసి, మేము సెల్‌ఫోను ఎదుట నిలువబడి ప్రసంగించితిమి. అరువది అయిదు సంవత్సరములు పైబడినవారు ఇల్లు కదలరాదని ప్రభుత్వమువారు హితవు చెప్పిరి. మేమును అదే మాట మా పెద్దలందరికి చెప్పితిమి.

అప్పుడు మా సంఘములోని తల్లి ఒకరు, డెబ్బది నాలుగేండ్ల వయస్సుగల రిటైరు అయిన నర్సమ్మగారు, మాకు ఫోను చేసి, తనకేదైన పని ఒప్పగింపుమని అడిగిరి. అమ్మా, మీరు ఇంటనుండి ప్రార్థన చేయుచుండుడి, అదే చాలునని మేము చెప్పితిమి. తప్పు చెప్పలేదని నేటికిని అనుకొనుచున్నాము. కాని ఫోను పెట్టిన తరువాత ఆమె ఏమియు మాట్లాడక ఊరకుండిన ఆ ఒక్క నిమిషము మా మనస్సును విడువలేదు. ఆ రాత్రి మాకు ఫాదర్ హయ్యర్ జ్ఞాపకమునకు వచ్చెను.

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1793వ సంవత్సరము జూలై 10వ తేదీన జర్మనీ దేశములోని హెల్మ్‌స్టెడ్ పట్టణమున జన్మించెను. అది నెపోలియను యుద్ధముల కాలము. పదునాలుగవ యేట బల్లలో చేరిన వెంటనే తలిదండ్రులు ఆ బాలుని అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరములో నున్న బంధువుల యొద్దకు పంపివేసిరి. అక్కడనే పెరిగి, వాక్యపరిచర్యకు సమర్పించుకొని, కొంతకాలము జర్మనీలో చదివి తిరిగివచ్చి, 1820లో పాదిరిగా అభిషేకము పొందెను. తరువాతి ఇరువది సంవత్సరములు పెన్సిల్వేనియా మొదలగు రాష్ట్రములలో గుఱ్ఱముమీద తిరుగుచు చెదరియున్న జర్మను కుటుంబములను సమకూర్చి సంఘములుగా కట్టెను. మేరీ అను విధవరాలిని వివాహమాడెను, బిడ్డలు కలిగిరి, 1839లో ఆమె మరణించెను. అప్పటికాయనకు నలుబది యారేండ్లు. ఆ వయస్సున మనలో చాలమంది ఇక ఉన్న స్థలములోనే కుదురుకొనవలెనని చూచుకొందుము. (మేమును ఆ వయస్సువారమే గనుక ఈ మాట వ్రాయుటకు అధికారము కలదు.) ఆయన అట్లు చూచుకొనలేదు. 1841 అక్టోబరులో బోస్టను రేవున ఓడ ఎక్కి, ఇంచుమించు అయిదు నెలలకు కొలంబో చేరి, అక్కడనుండి దక్షిణ దేశముగుండ మద్రాసు వచ్చి, 1842 జూలై 31న గుంటూరు ప్రవేశించెను. మన పూర్వికులైన ఫాక్సు, నోబుల్ దొరలు మచిలీపట్నములో దిగినది అంతకు ముందటి సంవత్సరమే. గుంటూరు కలెక్టరు హెన్రీ స్టోక్సుగారు హయ్యరును చేరదీసి, బడులు పెట్టుటకు ఎంతో సహాయము చేసెను. నేటికిని లూథరన్ సంఘములవారు జూలై 31ని పండుగగా ఆచరింతురు.

ఆయన వచ్చినది ఎట్టి దేశమునకు? పది సంవత్సరములకు ముందే నందన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టెను. జనములో మూడవ వంతునకు తక్కువ కాకుండ నశించిరని చరిత్రకారుల లెక్క. కరువు పోయినను వాంతిభేది పోలేదు. ఈ కలరా 1817 నుండి బంగాళమును దాటి లోకము మీదికి బయలుదేరినది. దండులతోను, యాత్రికులతోను, ఓడలతోను ప్రయాణము చేయుచు, అలలు అలలుగా వచ్చినది. చరిత్రకారులు 1923 వరకు ఆరు మహమ్మారులుగా దానిని లెక్కించుదురు. 1961లో ఏడవది మొదలైనది. హయ్యరుగారి తెలుగు దేశ నివాసములలో రెండవది మూడవ మహమ్మారి కాలములోను, చివరిది నాలుగవ దాని కాలములోను పడినవి. అమెరికా కూడ దానికి దూరము కాలేదు. 1832, 1849, 1866 సంవత్సరములలో అక్కడి పట్టణములు దాని దెబ్బ తినినవి. విదేశములకు వెళ్ళిన మిషనెరీలు ఆరోగ్యవంతమైన దేశమునుండి రోగపు దేశమునకు వెళ్ళిరని మనము అనుకొందుము. అది సగము నిజము. మహమ్మారికి సముద్రము అడ్డు కాదు. ఈ సంగతి మనము 2020లో మరల నేర్చుకొంటిమి.

మన పల్లెలలో ఆ రోగమునకు పేరు పెట్టుటకే భయపడెడివారు. అమ్మవారు వచ్చినదనియే చెప్పుకొనెడివారు. పోలేరమ్మకును, అంకమ్మకును జాతరలు చేసి, డప్పులు మ్రోగించి, పొలిమేర దాటించెడివారు. సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి బోనముల కథకు మూలము కూడ ఆ కాలపు మహమ్మారియే అని చెప్పుదురు. ఇందులో ఎవరిని చిన్నచూపు చూచుటకు లేదు. దొరల వైద్యుల యొద్ద మాత్రము ఏమి ఉండినది? నల్లమందు ద్రావకము, రసకర్పూరము, కొంచెము బ్రాందీ. కొందరు రక్తము తీసిరి. నీళ్ళకై అలమటించు రోగికి నీళ్ళు ఇయ్యరాదని కొందరు వైద్యులు గట్టిగా నమ్మిరి. ఆ నీళ్ళే ప్రాణమని ఎవరికి తెలియును? 1854లో లండనులో జాన్ స్నో అను వైద్యుడు చేతి పంపు నీటికిని రోగమునకును సంబంధము చూపినను చాలమంది నమ్మలేదు. కోహ్ అను జర్మను వైద్యుడు కలకత్తా వచ్చి క్రిమిని నిశ్చయపరచినది 1884లో. ఉప్పు, పంచదార కలిపిన నీటిని త్రాగించి వేలమందిని బ్రతికింపవచ్చునని దిలీప్ మహాలనబీస్ అను బంగాళీ వైద్యుడు శరణార్థుల శిబిరములో చూపినది 1971లో. అనగా, మన ఇంట అమ్మ చెంచాతో కలుపగల మందునకు లోకము మొదటి మహమ్మారినుండి నూట ఏబది సంవత్సరములకు పైగా కాచుకొనవలసి వచ్చెను.

ఇది ఎందుకు చెప్పుచున్నామనగా, హయ్యరుగారు వైద్యుడు కూడ. నాలుగు సంవత్సరముల సేవానంతరము 1846లో అమెరికా వెళ్ళినప్పుడు, బాల్టిమోరు నగరములో ఒక క్రొత్త సంఘమునకు కాపరిగా నుండుచునే, ఏబది దాటిన వయస్సున, తన కుమారుల ఈడు పిల్లలతో కూర్చుండి వైద్యశాస్త్రము చదివి పట్టము పుచ్చుకొనెను. 1848లో తిరిగి గుంటూరు వచ్చెను. తాను నేర్చినది ఎంత కొంచెమో ఆయనకే బాగుగ తెలిసియుండవలెను. అయినను మందుల పెట్టె ఎత్తుకొని, 1849లో గుంటూరు విడిచి, పల్నాటిలోని గురిజాలకు పోయి కాపురముండెను.

పల్నాడు! బ్రహ్మనాయుని, నాగమ్మను కన్న నేల; రాళ్ళు, జొన్నచేలు, చలిజ్వరములు. అక్కడ ఆ కాలమున మరియొక తెల్లవాడు కనబడుట అరుదు. అమెరికానుండి ఉత్తరము రావలెననిన నెలలు పట్టును. ఆ ఉత్తరములో నున్న క్షేమ సమాచారము చేరునాటికి నిజముగా ఉన్నదో లేదో దేవునికే తెలియును. భార్య లేదు. బిడ్డలు సముద్రమునకు ఆవల. గుంటూరులో తోటి మిషనెరీగా నుండిన వాల్టరు గన్ను 1851లో క్షయరోగముతో మరణించెను. తెలుగు దేశపు మిషనెరీల ఆనాటి దినచర్య గొప్పగా ఏమియు ఉండెడిది కాదు. తెల్లవారక ముందే లేచి ఎండ ముదురక ముందు పల్లెకు పోవుట. మాలపల్లెలో చింతచెట్టు క్రింద పది మంది పిల్లలకు అక్షరములు. వరండాలో పుండ్లకు కట్లు, జ్వరములకు మందు. మధ్యాహ్నము మునిషీతో తెలుగు. సాయంకాలము బడిపంతులు లెక్కలు, జీతములు, పేచీలు. చలికాలమున ఎద్దుబండి మీద డేరా వేసికొని సంచారము. వారము చివర మిషను బోర్డునకు లెక్కలతో ఉత్తరము. మహమ్మారి వచ్చినను ఈ పనులలో ఒక్కటియు తగ్గదు. మరికొన్ని కలియును, అంతే. శవమును మోయువారు దొరకరు. బడికి పిల్లలు రారు. బాప్తిస్మము పొందినవారిని, మీవలననే అమ్మవారు కోపించినదని ఊరు వెలివేయును. రోగముకంటె ఈ చివరిదే క్రొత్త విశ్వాసులను ఎక్కువ బాధించినదని మాకు తోచుచున్నది.

ఇట్లు పల్నాటిలోను, తరువాత రాజమండ్రిలోను పని చేసి, 1857లో ఆరోగ్యము చెడి, అరువది నాలుగేండ్ల వయస్సున అమెరికా వెళ్ళిపోయెను. ఇక ఆయన కథ ముగిసినదనియే అందరు తలంచియుందురు. కాని విశ్రాంతి తీసికొనుటకు మారుగా మిన్నెసోటా అను చలిప్రాంతమునకు పోయి, అక్కడ వలసవచ్చిన జర్మనులను సమకూర్చి, 1860లో మిన్నెసోటా సినడును స్థాపించి దానికి మొదటి అధ్యక్షుడయ్యెను. ఈ మనిషికి కుర్చీ అచ్చిరాదేమో.

ఇంతలో అమెరికాలో అంతర్యుద్ధము వచ్చెను, సంఘములు చీలెను, ధనము, మనుష్యులు కరవైరి. గుంటూరులో అనాంగ్‌స్టు అను మిషనెరీ ఇంచుమించు ఒంటరిగా నిలిచెను. రాజమండ్రి, సామర్లకోటలను చూచువారు లేక, వాటిని చర్చి మిషనెరీ సొసైటీవారికి అప్పగింపవలెనని నిశ్చయమాయెను. ఏలూరు, బెజవాడలలో అప్పటికే పని చేయుచుండిన మనవారు వాటిని చక్కగానే చూచుకొని యుందురు. జర్మనీలో నుండిన హయ్యరుగారు ఈ వార్త విని తట్టుకొనలేక, 1869లో అమెరికా చేరి, రీడింగు పట్టణములో పెన్సిల్వేనియా సంఘపు సభ జరుగుచుండగా అక్కడికి వచ్చి, ఆ మిషను మనమే ఉంచుకొందము, మనుష్యులు లేకపోయిన నేను వెళ్ళెదనని చెప్పెను. చేతిసంచి సర్దుకొని సిద్ధముగానే వచ్చెననియు, ఎప్పుడనిన అప్పుడు బయలుదేరెదననెననియు ఆ కథను లూథరన్ ప్రసంగికులు వేయి మారులు చెప్పియుందురు. మేమును యౌవనస్థుల కూడికలలో చెప్పితిమి.

కాని వయస్సు పెరిగినకొలది ఆ సంచి కథ మాకు అంత రుచించుట లేదు. ఒక మాట దాచుటకు లేదు: ఆ పరుగులో కొంత శాఖాభిమానము కూడ కలదు. రోగములతో జనము చచ్చుచున్న దినములలో, ఈ మంద ఏ సొసైటీవారి దొడ్డిలో ఉండవలెనన్నది అంత పెద్ద విషయమా అని ఎవరైన అడిగిన, మా యొద్ద జవాబు లేదు. మరియొక ప్రక్క, తాను బాప్తిస్మమిచ్చిన, తాను అక్షరములు నేర్పిన మనుష్యులను ఒక కాగితముమీద సంతకముతో వేరొకరికి అప్పగించుట చూడలేని ముసలివాని గుండె కూడ అందులో కలదు. రెండును ఆయనలోనివే. దైవజనుల జీవితములు వ్రాయువారు ఒకటి ఉంచి మరియొకటి తీసివేయుదురు. అది న్యాయము కాదు.

మాకు రుచించునది సంచి కథ కాదు, ఆ తరువాతి పదునాలుగు నెలలు. 1869 డిసెంబరులో ఆయన రాజమండ్రి చేరెను. సూయజు కాలువను తెరచి అప్పటికి కొద్ది దినములే అయినది. తాను ఎరిగిన గోదావరి ఆ గోదావరియే. అయితే ధవళేశ్వరమున కాటను దొర ఆనకట్ట 1852లోనే పూర్తియై, కాలువల నీరు డెల్టాలో పారి, పూర్వపు కరువు నేలలు పచ్చబడినవి. రైలు మాత్రము ఇంకను రాలేదు. రాజమండ్రి యొద్ద గోదావరిమీద రైలు వంతెన 1900లో గాని తెరువబడలేదు. డెబ్బదియారేండ్ల మనిషి బండిమీదనో, కాలువ పడవలోనో, పల్లకిలోనో తిరుగవలసినదే.

ఆయన వచ్చి చూడగా సంఘము ఉన్నది. కొద్దిమందియే అయినను ఉన్నది. దొరలు లేని ఆ సంవత్సరములలో దానిని నిలిపినవారు తెలుగువారైన బోధకులు; ముఖ్యముగా తోట జోసఫుగారు, నేలప్రోలు పౌలుసుగారు. వీరిద్దరు తరువాతి కాలమున పాదిరులుగా అభిషేకము పొందిరి. వారి ఓడ ప్రయాణముల కథలు లేవు, వారి చేతిసంచిని గూర్చి ఎవరును ప్రసంగించలేదు. ఎందుకనగా వారు ఎక్కడికిని పోలేదు. వాంతిభేది వచ్చిన ఇంటికి వారును పోయెడివారు. అయితే వారికి తిరిగిపోవుటకు వేరొక దేశము లేదు. ఒక్క వాక్యముతో వారిని దాటిపోవుట మన సంఘ చరిత్రకారులకు అలవాటు. మేమును ఇప్పుడు అదే చేయుచున్నాము, వారినిగూర్చి వ్రాసి ఉంచినది కొంచెమే గనుక.

హయ్యరుగారు చేసిన పని ఏమి? పెద్దగా చెప్పుకొనదగినది లేదు. పడిపోయిన బడులను మరల తెరిపించెను. ఆస్తి కాగితములు, లెక్కలు చక్కపెట్టెను. చెదరినవారిని పేరుపేరున వెదకెను. బల్ల ఆచరించెను. మరచిపోయిన తెలుగును నాలుక మీదికి తెచ్చుకొనెను. వృద్ధాప్యమున భాష ఎట్లు జారిపోవునో పెద్దలెరుగుదురు. అన్నిటికంటె ముఖ్యముగా, రాబోవు యౌవనస్థుల కొరకు కనిపెట్టెను. జర్మనీలో నున్నప్పుడు ఆయన, రాజమండ్రిలో తనతోకూడ పూర్వము పని చేసిన గ్రోనింగు పాదిరిగారిని కలిసికొనెను. ఆయన యొద్ద తరిఫీదు పొందిన ఇద్దరు యౌవనస్థులు, బెక్కరు, ష్మిట్ అనువారు, రాజమండ్రికి రావలసియుండిరి. ఆ వృద్ధుడు తాళపుచెవులు పట్టుకొని నిలువబడిన కావలివాడు మాత్రమే. ఆ సంగతి ఆయనకు తెలియును.

1870లో బెక్కరు వచ్చెను. యౌవనస్థుడు, బలవంతుడు, ముందెంతో జీవితముగలవాడు. వచ్చిన కొద్ది కాలమునకే, ఆ సంవత్సరములోనే, ఆ యౌవనస్థుడు రాజమండ్రిలో మరణించెను. డెబ్బదియారేండ్లవాడు బ్రతికియుండెను.

2021 ఏప్రిల్, మే నెలలలో రెండవ అల వచ్చినప్పుడు మేము ఈ సంగతి ఎన్నిమారులు తలంచుకొంటిమో చెప్పలేము. పెద్దలను కాపాడుకొనవలెనని ఒక సంవత్సరమంతయు వారిని గదులలో ఉంచితిమి. తీరా చూడగా, నలుబది యేండ్లవారిని, ముప్పదియైదేండ్లవారిని సమాధి చేసితిమి. సమాధుల తోటలో తలిదండ్రులు బిడ్డల పెట్టెల ప్రక్కన మాస్కులతో, ఒకరినొకరు ముట్టుకొనకుండ నిలిచిరి. వయస్సునుబట్టి లెక్కలు వేసి మనము చేసిన ఏర్పాట్లు అబద్ధమని మేము అనుట లేదు. లెక్కలు లెక్కలే, ముసలివారికే అపాయము ఎక్కువ. కాని మృత్యువు మన పట్టికను చూచి నడువదు. హయ్యరుగారి వయస్సు చూచి పంపుటకు వెనుకాడినవారును, బెక్కరు బలమును చూచి సంతోషించినవారును, ఇరువురును మంచి లెక్కే వేసిరి.

బెక్కరు పోయిన తరువాత ఆ వృద్ధుని మనస్సులో ఏమున్నదో మేము వ్రాయబోము. ఆయన చేసినది మాత్రము వ్రాయవచ్చును: రెండవవాడు వచ్చువరకు ఆగెను. 1870లోనే ష్మిట్ పాదిరిగారు వచ్చిరి. ఆయనకు సంఘములను చూపి, మనుష్యులను పరిచయము చేసి, కొన్ని నెలలు ప్రక్కన నిలిచి, 1871 ఆరంభములో హయ్యరుగారు ఓడ ఎక్కిరి. ఇది మాకు వచ్చుటకంటె గొప్ప సంగతిగా తోచుచున్నది. డెబ్బదియేడవ యేట, ఎవరును పొమ్మనకుండగా, పని యౌవనస్థుని చేతికి వచ్చిన వెంటనే దిగిపోవుట! మన సంఘములలో కమిటీ కుర్చీలు, ట్రెజరరు తాళములు ఎన్నేండ్లు ఎవరి చేతులలో ఉండునో ఎరిగినవారు ఈ వాక్యమును మరియొకమారు చదువుదురు గాక. ష్మిట్ పాదిరిగారు ముప్పది సంవత్సరములు ఆ ప్రాంతమున పని చేసిరి. మరుసటి సంవత్సరమే పౌల్సెన్ అను మరియొక మిషనెరీ కూడ వచ్చి చేరెను. రాజమండ్రి మిషను నిలిచినది. అదియు గుంటూరు మిషనును తరువాత కలిసి 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘముగా ఏర్పడినవి.

మందుల పెట్టె సంగతి మరచితిమి. హయ్యరు నాటిన ఆ వైద్యపు పని ఆయనతో ఆగిపోలేదు. ఆన్నా కుగ్లర్ అను వైద్యురాలు 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆసుపత్రి తెరచి, 1930లో గుంటూరులోనే మరణించువరకు నలుబదియేడు సంవత్సరములు వైద్యసేవ చేసెను. ఆమెయు డెబ్బది దాటిన తరువాత కూడ పని విడువలేదు. కలరాయే కాక 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా కూడ ఆమె దినములలోనే ఈ దేశమును త్రొక్కినది; ఆ ఒక్క జ్వరము మన దేశములో కోటి మందికి పైగా ప్రాణములు తీసికొన్నది.

ఇక మా నర్సమ్మగారి సంగతి. మేము ప్రార్థన చేయుచుండుడని చెప్పిన మరునాటినుండి ఆమె ఒక పాత డైరీ తీసి, సంఘపు పేర్లన్నియు వ్రాసికొని, దినమునకు పది ఇండ్లకు ఫోను చేసిరి. బస్తీలోని వారికిని, మేడలలోని వారికిని. ఎవరికి జ్వరము, ఎవరికి బి.పి. మాత్రలు అయిపోయినవి, ఎవరు మూడు దినములనుండి అన్నము వండుకొనలేదు, ఇవన్నియు అందులో వ్రాసిరి. జ్వరమువారిని ఆక్సీమీటరు పెట్టుకొని చూడుమని చెప్పుట, అంకె తగ్గిన వెంటనే మా యౌవనస్థులను లేపి పంపించుట, అంతయు ఇంట కుర్చీలో కూర్చుండియే జరిపిరి. మాకు తెలియదు. యౌవనస్థులను మేమే పంపుచున్నామని మేము అనుకొంటిమి! 2021 జూన్‌లో ఆమె ఇంటికి వెళ్ళినప్పుడు ఆ డైరీ మాకు కనబడినది. కొన్ని పేర్ల ప్రక్కన చిన్న సిలువ గుర్తు ఉండెను. మేము క్షమాపణ అడుగబోయితిమి. ఆమె కాఫీ కలుపుటకు లోనికి వెళ్ళిరి. ఇప్పుడు ఆ తల్లి మన మధ్య లేరు. మహమ్మారితో కాదు, నిండు వయస్సుతో, నిద్రలో ప్రభువునందు నిద్రించిరి.

హయ్యరుగారు అమెరికా చేరిన తరువాత ఫిలడెల్ఫియాలోని లూథరన్ సెమినరీలో విద్యార్థులకు చాప్లెనుగాను, వారి వసతి గృహమునకు పెద్దగాను నియమింపబడెను. అనగా మరల కుర్రవాండ్ర మధ్యనే. భోజనపు బల్ల యొద్ద గోదావరిని గూర్చియు, పల్నాటి ఎండను గూర్చియు చెప్పుచుండగా వినిన ఆ విద్యార్థులు ఆయన పేరున ఒక మిషనెరీ సంఘమును పెట్టుకొనిరి. 1873 నవంబరు 7వ తేదీన, ఎనుబదవ యేట, ఆయన ప్రభువునందు నిద్రించెను. పెన్సిల్వేనియాలోని ఫ్రీడెన్సు అను చిన్న ఊరిలో, ముప్పది నాలుగేండ్ల క్రిందట పోయిన భార్య మేరీ ప్రక్కన ఆయనను సమాధి చేసిరి.